ఏ ఊరి కాలేజీ? తెలుగువారి ఉన్నత విద్యలో దూరం, పరిమాణం, వడపోత (1857–1982)

పరిచయం

గత యూనిట్‌లో మీరు మెకాలే ప్రతిపాదన (1835), వుడ్స్ డిస్పాచ్ (1854), 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాల స్థాపన గురించి చదివారు. అక్కడ మనం ఉన్నత విద్యను ప్రభుత్వం వైపు నుంచి చూశాం. ఈ యూనిట్‌లో అదే చరిత్రను విద్యార్థి వైపు నుంచి, అతన్ని చదివించిన ఇంటి వైపు నుంచి చూడబోతున్నాం. ఒక తెలుగు కుర్రవాడు, తరువాతి కాలంలో ఒక తెలుగు అమ్మాయి, ఫలానా కళాశాలలోనే ఎందుకు చేరారు? ఆ కళాశాల పెద్దదనా, దగ్గరిదనా, అందరికీ సీటు దొరకని చోటనా?

నా సంగతి చెబుతాను. 1970ల చివర్లో నేను డిగ్రీలో చేరినప్పుడు కాలేజీని ఎంచుకున్నది నేను కాదు, మా నాన్న కూడా కాదు. ఉదయం ఏడున్నరకు మా ఊరి మీదుగా పోయే ఎర్రబస్సు ఎంచుకుంది. ఆ బస్సు ఆగే ఊళ్లో ఒకే ఒక్క డిగ్రీ కళాశాల ఉండేది. అక్కడ ఆర్ట్స్ గ్రూపులో చరిత్ర ఉంది కాబట్టి నేను చరిత్ర విద్యార్థినయ్యాను. తరువాత చాలా ఏళ్లకు, పాత విద్యార్థుల ఆత్మకథలు చదువుతున్నప్పుడు, నాకంటే వంద సంవత్సరాల ముందువాళ్ల కథ కూడా ఇంచుమించు ఇదేనని గమనించాను. బస్సు బదులు వాళ్లకు కాలువ పడవ ఉండేది, అంతే.

ఈ రోజుల్లో ఇంటర్ పాసైన పిల్లవాడి ఇంట్లో జరిగే చర్చ మీకు తెలుసు. పెద్ద కాలేజీ మంచిదా, చిన్నదా? హైదరాబాదు పంపాలా, జిల్లా కేంద్రం చాలా? ర్యాంకు ఎంతవరకు వస్తే ఎక్కడ సీటు? ఈ మూడు ప్రశ్నలకూ చరిత్ర ఉంది. సౌలభ్యం కోసం వీటిని స్థలం, పరిమాణం, వడపోత అని పిలుచుకుందాం. మూడింటినీ సమానంగా తూచి నిర్ణయం తీసుకునే అవకాశం మన పూర్వీకుల్లో బహు కొద్దిమందికే ఉండేదని ముందే చెప్పాలి.

మెట్రిక్యులేషన్ అనే గుమ్మం

1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం మొదట్లో పాఠాలు చెప్పే సంస్థ కాదు. పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థ. బోధన అంతా అనుబంధ కళాశాలల్లో జరిగేది. మెట్రిక్యులేషన్ పాసైనవాడు రెండేళ్లు చదివి ఎఫ్.ఎ. పరీక్షకు, మరో రెండేళ్లు చదివి బి.ఎ. పరీక్షకు కూర్చునేవాడు. ఎఫ్.ఎ. వరకే చెప్పే కళాశాలను సెకండ్ గ్రేడ్ అని, బి.ఎ. వరకు చెప్పేదాన్ని ఫస్ట్ గ్రేడ్ అని అనేవారు. ఈ గ్రేడులు కళాశాల నాణ్యతను సూచించేవని చాలామంది విద్యార్థులు పొరబడతారు. అవి అక్కడ ఎంతవరకు చదవవచ్చో చెప్పేవి, ఎంత బాగా చెబుతారో కాదు.

ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. ఈనాటిలాగా ఒక్కో కళాశాల తన గుమ్మం దగ్గర మార్కులు చూసి విద్యార్థులను ఏరుకునే పద్ధతి ఆ రోజుల్లో బలంగా లేదు. వడపోత అంతకు ముందే, మెట్రిక్యులేషన్ దగ్గరే, జరిగిపోయేది. ఆ పరీక్ష ఇంగ్లిషులో ఉండేది. ఇంగ్లిషు చెప్పే ఉన్నత పాఠశాల ఉన్న ఊళ్లో పుట్టడం, అక్కడ జీతం కట్టగల ఇంట్లో పుట్టడం, పిల్లవాణ్ని పొలానికి కాక బడికి పంపే అలవాటున్న కులంలో పుట్టడం, ఇవన్నీ కుదిరినవాడికే ఆ పరీక్ష దాకా దారి ఉండేది. దాటినవాడు ఫీజు కట్టగలిగితే చాలా కళాశాలలు చేర్చుకునేవి. ఆపైన కూడా పరీక్షలు చాలామందిని ఆపేవి. "బి.ఎ. ఫెయిల్డ్" అన్నది ఆ కాలంలో సిగ్గుపడి దాచుకునే మాట కాదు. ఉద్యోగ దరఖాస్తులో అర్హతగా రాసుకునే మాట.

అందుకే ఏదైనా ప్రసిద్ధ కళాశాల పూర్వ విద్యార్థుల జాబితా చూసినప్పుడు చరిత్ర విద్యార్థిగా మీరు కొంచెం ఆగాలి. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల 1840లో ఒక ప్రిపరేటరీ స్కూలుగా పుట్టి, 1855లో కళాశాల అయింది. అక్కడినుంచి న్యాయమూర్తులు, దివాన్లు, మంత్రులు వచ్చారు. ఆ కళాశాల వారిని తయారుచేసిందా, లేక తయారై రాగలిగినవారే ఆ కళాశాలలో చేరారా? జాబితా ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. అక్కడ చేరి, తప్పి, ఊరికి తిరిగి వెళ్లినవాళ్లకు జాబితా ఉండదు. వాళ్ల ఇళ్లలో ఆ చదువు కోసం అమ్మిన పొలానికి కూడా జాబితా ఉండదు.

దూరం, భోజనం, బంధువుల ఇల్లు

19వ శతాబ్దపు చివరి భాగంలో సర్కారు జిల్లాల మ్యాపును ఒకసారి మనసులో గీసుకోండి. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో మొదలుపెట్టిన మిషన్ పాఠశాల నోబుల్ కళాశాలగా పెరిగింది. రాజమండ్రి ప్రభుత్వ పాఠశాల 1870లలో కళాశాల స్థాయికి చేరింది. విజయనగరం సంస్థానం 1857లో పెట్టిన బడి 1879లో కళాశాల అయింది. కాకినాడలో పిఠాపురం రాజా పేరు మీద 1884లో కళాశాల ఏర్పడింది. గుంటూరులో లూథరన్ మిషన్ కళాశాల 1885 నాటిది. ఇలాంటివి తప్పితే మద్రాసు. గోదావరి మీద రైలు వంతెన 1900లో తెరిచేవరకు కోనసీమ కుర్రవాడికి మద్రాసు అంటే కాలువలు, బండ్లు, ఓడలు మారుతూ రోజుల తరబడి ప్రయాణం.

ప్రయాణం ఒక్కసారితో అయిపోతుంది. భోజనం మాత్రం రోజూ కావాలి. నా ఉద్దేశంలో ఆ కాలపు విద్యార్థి ఏ కాలేజీలో చేరాలో నిర్ణయించిన ప్రశ్నల్లో "అన్నం ఎవరు పెడతారు?" అన్నదే మొదటిది. దీనికి మూడు నాలుగు జవాబులుండేవి. ఆ ఊళ్లో మేనమామో పెదనాన్నో ఉంటే వాళ్లింట్లో ఉండటం. లేదా వారాలు చెప్పుకోవడం, అంటే సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనానికి ఒప్పించుకోవడం. ఇది ఎక్కువగా బ్రాహ్మణ విద్యార్థులకు దొరికిన సదుపాయం. చేతిలో డబ్బున్నవాళ్లకు పూటకూళ్ల ఇల్లు ఉండేది. ఏదీ కుదరనివాళ్లు నలుగురు కలిసి గది తీసుకుని చేతులు కాల్చుకునేవారు.

టంగుటూరి ప్రకాశం (1872–1957) జీవితం ఇందుకు మంచి ఉదాహరణ. తండ్రి పోయాక తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను చదివించింది. అంటే ఇతరుల పిల్లల చదువుకు వండిపెట్టిన అన్నంతోనే తన పిల్లల చదువు సాగింది. ప్రకాశం పై చదువుకు రాజమండ్రి వెళ్లారు. ఆయన అక్కడి కళాశాల ప్రతిష్ఠను విచారించి వెళ్లలేదు. తనను చేరదీసిన ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు రాజమండ్రికి మారారు, శిష్యుడు వెంట వెళ్లాడు. ఒక ఉపాధ్యాయుడు ఊరు మారడం వల్ల ఒంగోలు కుర్రవాడు గోదావరి ఒడ్డున చదివి, అక్కడే ప్లీడరై, ఆ పట్టణ పురపాలక సంఘానికి అధ్యక్షుడయ్యారు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ కథ ఇంకో రకం. ఆయన వెల్లూరులోని వూర్‌హీస్ కళాశాలలో చదివి, మద్రాసు క్రిస్టియన్ కళాశాలకు మారారు. అక్కడ తత్వశాస్త్రం తీసుకోవడానికి కారణం మీరు వినే ఉంటారు. అదే కళాశాలలో చదువు ముగించిన బంధువు ఒకరు తన తత్వశాస్త్ర పుస్తకాలు ఇచ్చారు. కొనవలసిన పని తప్పింది. ఈ కథను మనం సాధారణంగా విధి విలాసంగా చెప్పుకుంటాం. ఖర్చు లెక్క వేసుకున్న ఒక మధ్యతరగతి ఇంటి నిర్ణయంగా చదివితే చరిత్రకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

భోజనం ప్రశ్న తీరనివాళ్లు ఏం చేశారు? 20వ శతాబ్దం మొదటి దశకాల్లో కులాలవారీగా, మతాలవారీగా విద్యార్థి వసతి గృహాలు వెలిశాయి. హైదరాబాదులో రాజబహదూర్ వెంకటరామారెడ్డి 1918లో స్థాపించిన రెడ్డి హాస్టల్ వీటిలో బాగా తెలిసినది. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన విద్యార్థులకు అది తిండి, గది, గ్రంథాలయం మూడూ అయింది. సురవరం ప్రతాపరెడ్డి దానికి కార్యదర్శిగా పనిచేశారు. తెలంగాణ రాజకీయ చైతన్యం గురించి చదివేటప్పుడు ఆ హాస్టల్ పేరు మీకు పదేపదే తగులుతుంది. ఒక కళాశాల ఎందరికి దగ్గరో మైళ్లలో కొలవడం కంటే, దాని పక్కన ఎవరి కోసం హాస్టల్ ఉందో చూడటం సరైన పద్ధతి అని నేను విద్యార్థులకు చెబుతుంటాను.

చిన్న కళాశాల, పెద్ద కళాశాల

గురజాడ అప్పారావు ఎఫ్.ఎ., బి.ఎ. రెండూ విజయనగరం మహారాజా కళాశాలలోనే చదివారు. 1886లో పట్టా పుచ్చుకుని, తరువాత అక్కడే అధ్యాపకుడయ్యారు. మద్రాసుతో పోలిస్తే అది చిన్న ఊరి చిన్న కళాశాల. అయితే ఆ ఊళ్లో ఒక ఆస్థానం ఉంది, సంగీతం ఉంది, నాటకం ఉంది, ఆనంద గజపతి వంటి చదువుకున్న ప్రభువు ఉన్నాడు. చిన్న కళాశాలలో అధ్యాపకుడికీ విద్యార్థికీ, కళాశాలకూ ఊరికీ మధ్య దూరం తక్కువ. ఇది మేలు చేయవచ్చు, కీడూ చేయవచ్చు.

మేలు చూడాలంటే మచిలీపట్నం, కాకినాడ వెళ్లాలి. రఘుపతి వెంకటరత్నం నాయుడు మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో విలియం మిల్లర్ శిష్యుడు. మిల్లర్ చేతుల్లో ఆ కళాశాల దక్షిణ భారతంలోని పెద్ద కళాశాలల్లో ఒకటిగా ఎదిగింది. అంతటి చోట చదివిన నాయుడు నోబుల్ కళాశాలలో, సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో, 1904 ప్రాంతం నుంచి 1919 వరకు కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో పనిచేశారు. కృష్ణాపత్రిక సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు నోబుల్ కళాశాలలో ఆయన శిష్యుడు. కాకినాడలో ప్రిన్సిపాల్‌గా ఉండగా ఆయన స్త్రీలకూ, అప్పట్లో పంచములని పిలిచిన కులాల విద్యార్థులకూ కళాశాల తలుపులు తెరిచారు. ఆ తలుపు తెరవడానికి ప్రిన్సిపాల్, పోషకుడైన పిఠాపురం రాజా ఒక్కమాట మీద నిలబడటం అవసరమైంది. ఇద్దరు గట్టిగా అనుకుంటే నియమం మారే పరిస్థితి చిన్న సంస్థలోనే ఉంటుంది. ఆయన 1925లో మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు కూడా అయ్యారు. అయినా తెలుగువారు ఆయనను తలుచుకునేది కాకినాడ పేరుతోనే.

కీడు చూడాలంటే 1907 నాటి రాజమండ్రి. ఆ ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాల తరువాత విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు ధరించారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ చర్యలకు దిగాడు. ట్రైనింగ్ కళాశాలలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు బహిష్కరణకు గురయ్యారు. పెద్ద నగరంలో ఒక కళాశాల తలుపు మూస్తే ఇంకొకటి వెతుక్కోవచ్చు. ఒకే కళాశాల, ఒకే ప్రిన్సిపాల్ ఉన్న పట్టణంలో బహిష్కరణ అంటే చదువు ముగిసినట్టే. మూడేళ్ల తరువాత, 1910లో, మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు, పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. దొరల అదుపు లేని కళాశాల కావాలన్న కోరిక అప్పటికి ఎంత బలంగా ఉందో ఊహించవచ్చు.

పెద్ద కళాశాలకూ తన ఇబ్బందులు తెలుసు. మద్రాసు క్రిస్టియన్ కళాశాల జార్జ్ టౌన్ ఇరుకులోంచి 1937లో తాంబరానికి తరలిపోయింది. అది అప్పుడు నగరం వెలుపలి చెట్ల ప్రాంతం. విద్యార్థులు అక్కడే నివసిస్తూ చదవాలన్నది ఉద్దేశం. పెద్దదిగా పెరిగిన సంస్థ చిన్నదాని సాన్నిహిత్యాన్ని స్థలం మార్చి తిరిగి తెచ్చుకోవాలని చూసిందన్న మాట. ఆ దశకంలోనే వాల్తేరు గుట్టల మీదా, హైదరాబాదు అడిక్‌మెట్ మీదా కొత్త ప్రాంగణాలు లేస్తున్నాయి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

విశ్వవిద్యాలయం ఎక్కడ పెట్టాలి?

ఇంతవరకు ఒక్కొక్క విద్యార్థి సంగతి చూశాం. 1920లలో ఇదే ప్రశ్న మొత్తం ఆంధ్ర ప్రజల ప్రశ్న అయింది. తెలుగువారికి ప్రత్యేక విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక ఆంధ్రోద్యమంతో పాటు పెరిగింది. చట్టం వచ్చి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. కట్టమంచి రామలింగారెడ్డి మొదటి ఉపాధ్యక్షుడు. కేంద్రం బెజవాడ.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. బెజవాడ రైలు కూడలి, మధ్యలో ఉంది. రాజమండ్రికి పాత కళాశాల, సాహిత్య ప్రతిష్ఠ ఉన్నాయి. విశాఖకు సముద్రం, చల్లని గాలి, విశాలమైన జాగా, ఉత్తరాది జమీందార్ల అండ ఉన్నాయి. దత్తమండలాల నాయకులు అనంతపురం కావాలన్నారు. అక్కడ 1916 నుంచి దత్తమండల కళాశాల ఉంది. చివరికి 1930లో విశ్వవిద్యాలయం వాల్తేరుకు చేరింది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ దానికి భారీగా విరాళాలిచ్చారు.

మ్యాపు మీద వాల్తేరు అందమైన నిర్ణయం. అనంతపురం విద్యార్థి వైపు నుంచి చూస్తే లెక్క వేరు. అతనికి వాల్తేరు కంటే మద్రాసు చాలా దగ్గర. తెలుగువారి విశ్వవిద్యాలయం అని పేరు పెట్టినదాన్ని చేరుకోవడానికి తమిళ నగరం కంటే ఎక్కువ దూరం ప్రయాణించవలసి రావడం దత్తమండలాల వారికి ఎలా తోచి ఉంటుందో ఆలోచించండి. ఆ తరువాత ఆ జిల్లాల కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలోనే నడిచాయి. ఆ వివాదం సాగుతున్న రోజుల్లోనే, 1928లో, నంద్యాల సభలో దత్తమండలాలకు "రాయలసీమ" అన్న పేరు స్థిరపడింది. ఆ పేరు సూచించిన చిలుకూరి నారాయణరావు అనంతపురం కళాశాలలో అధ్యాపకుడు. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో నీటి వాటాలు, రాజధాని, హైకోర్టుతో పాటు అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం అన్న అంశం కూడా ఉంది. నదీజలాల పక్కన కళాశాల చేరిందంటే, చదువు ఎక్కడ దొరుకుతుందన్నది ఎంత పెద్ద విషయమో గ్రహించవచ్చు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954లో రాయలసీమకు విశ్వవిద్యాలయం వచ్చింది. వచ్చింది తిరుపతికి. అనంతపురం 1981 వరకు ఆగవలసి వచ్చింది.

నేను రాయలసీమవాణ్ని కాను. అయినా ఈ యూనిట్ తయారుచేసేటప్పుడు నాకు అనిపించింది చెబుతాను. వాల్తేరు నిర్ణయాన్ని పొగిడే పుస్తకాలు ఆ విశ్వవిద్యాలయం సాధించినవాటిని చూపిస్తాయి. అవి నిజమే. 1931 నుంచి 1936 వరకు రాధాకృష్ణన్ ఉపాధ్యక్షుడుగా ఉండగా టి.ఆర్. శేషాద్రి, సూరి భగవంతం, వి.కె.ఆర్.వి. రావు, హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ వంటి యువ అధ్యాపకులు అక్కడ పనిచేశారు. సి.ఆర్. రావు గణితంలో ఎం.ఎ. అక్కడే చేశారు. కొత్తది, చిన్నది కాబట్టే పేరు లేని యువకులకు చోటివ్వగలిగింది. కానీ అదంతా చేరుకోగలిగినవాళ్లకు అందిన ఫలం. రెంటినీ ఒకే పేరాలో రాయడం చరిత్రకారుడి బాధ్యత.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీరు 1926లో అనంతపురం కళాశాలలో బి.ఎ. విద్యార్థి అనుకోండి. విశ్వవిద్యాలయ కేంద్రం గురించి సెనేటుకు పది వాక్యాల్లో మహజరు రాయండి. అదే మహజరును పర్లాకిమిడి విద్యార్థిగా మరోసారి రాయండి.

ఒకే నగరం, రెండు భాషలు

నిజాం రాజ్యంలో వడపోత ఇంకో రూపంలో పనిచేసింది. 1887లో ఏర్పడిన నిజాం కళాశాల హైదరాబాదులో ఉన్నా మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. బోధన ఇంగ్లిషులో. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను మాధ్యమంగా తీసుకుంది. ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయ స్థాయి చదువు చెప్పడం, అందుకు వైద్యం నుంచి తర్కం దాకా పుస్తకాలు అనువదించడం గొప్ప ప్రయత్నం. ఇందులో సందేహం లేదు. అయితే ఆ భారతీయ భాష ఆ రాజ్యంలో అధికసంఖ్యాకుల భాష కాదు. నల్లగొండ తెలుగు విద్యార్థికి ఒక పక్క ఇంగ్లిషు గోడ, ఇంకో పక్క ఉర్దూ గోడ. రెండు కళాశాలలూ ఒకే నగరంలో ఉన్నాయి కాబట్టి మైళ్లలో అతనికి దూరం ఒకటే. ఏ భాష బడిలో అక్షరాలు దిద్దాడన్నది అతని దారిని నిర్ణయించేది.

1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరించినప్పుడు, రాజమండ్రి 1907 మళ్లీ జరిగినట్టయింది. ఒక తేడా ఉంది. ఈసారి నాగపూర్ విశ్వవిద్యాలయం వారిలో చాలామందిని చేర్చుకుంది. అలా వెళ్లి చదివినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు.

హాస్టల్ లేని చోట

స్త్రీల సంగతి వేరే యూనిట్‌లో వివరంగా వస్తుంది. ఇక్కడ ఒక్క విషయం. మద్రాసులో క్వీన్ మేరీస్ కళాశాల 1914లో, హైదరాబాదులో మహిళా కళాశాల 1924లో మొదలయ్యాయి. మిగిలిన చోట్ల నియమం అడ్డుచెప్పకపోయినా వసతి అడ్డొచ్చేది. దుర్గాబాయి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం ఆనర్స్ చదవాలని వచ్చినప్పుడు స్త్రీలకు హాస్టల్ లేదన్న జవాబు ఎదురైంది. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, తనలాగే చదవాలనుకుంటున్న అమ్మాయిలను కూడగట్టి, తామే హాస్టల్ పెట్టుకున్నారు. అప్పటికి ఆమె జైలుకు వెళ్లివచ్చిన సత్యాగ్రహి కాబట్టి అది సాధ్యమైంది. ఆ ప్రకటన చూసి కూడా ఇంట్లో అడగలేకపోయిన అమ్మాయిలు ఎందరో.

సీట్లకు పోటీ

వృత్తివిద్యలో సీట్లు తక్కువ. విశాఖలో 1923లో, గుంటూరులో 1946లో వైద్య కళాశాలలు వచ్చినా అడిగేవాళ్లు ఎక్కువే. కళాశాల గుమ్మం దగ్గరే వడపోత మొదలైంది ఇక్కడే. మద్రాసు ప్రభుత్వం కమ్యూనల్ జి.ఓ. ప్రకారం ప్రతి 14 సీట్లలో 6 బ్రాహ్మణేతర హిందువులకు, 2 వెనుకబడిన హిందువులకు, 2 బ్రాహ్మణులకు, 2 హరిజనులకు, 1 ఆంగ్లో ఇండియన్లు, భారతీయ క్రైస్తవులకు, 1 ముస్లింలకు కేటాయించింది. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు చంపకం దొరైరాజన్ కేసులో ఇది రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ ఏడాదే మొదటి రాజ్యాంగ సవరణ ద్వారా 15(4) అధికరణం చేరింది. ఒక కళాశాలలో ఎవరు చేరాలన్న తగాదా రాజ్యాంగాన్ని సవరింపజేసిందని గుర్తుంచుకోండి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక స్థలం, వడపోత ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ముల్కీ వివాదం, ఆరు సూత్రాల పథకం తరువాత 1974 రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులుగా విభజించి, 85 శాతం సీట్లు స్థానికులకు ఉంచింది. ఎక్కడ చదివావన్నది ఎక్కడ చదవగలవో నిర్ణయించసాగింది. నాలుగో తరగతి నుంచి పదో తరగతి వరకు ఎక్కడ చదివావో చూపే స్టడీ సర్టిఫికెట్ల కోసం పాత బడి చుట్టూ తిరిగినవాళ్లకు ఈ వాక్యం వివరించనక్కర్లేదు.

1982 తరువాత

1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఇటువంటిది ఇదే మొదటిది. జి. రామిరెడ్డి మొదటి ఉపాధ్యక్షుడు. ఈ యూనిట్‌లో మనం చూసిన గోడల్లో రెంటిని అది నేరుగా తాకింది. బడి చదువు ముగించనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చన్నారు. అంటే మెట్రిక్యులేషన్ గుమ్మం తీసేశారు. పాఠం పుస్తకంగా ఇంటికి వస్తుంది, అధ్యయన కేంద్రం ఆదివారం పక్క పట్టణంలోని కళాశాలలోనే నడుస్తుంది. అంటే అన్నం ఎవరు పెడతారన్న ప్రశ్న పోయింది. తెలుగు మాధ్యమం ఉంది కాబట్టి మూడో గోడ కూడా తగ్గింది.

పరిమాణం మాట ఏమిటి? వేలమంది చేరే సంస్థ ఇది. కాకినాడలో వెంకటరత్నం నాయుడు విద్యార్థిని పేరుతో పిలిచినట్టు ఇక్కడ ఎవరూ పిలవరు. నేను ఒక అధ్యయన కేంద్రంలో చాలా ఆదివారాలు తరగతులు తీసుకున్నాను. మొదటి తరగతికి గది నిండేది. సంక్రాంతి నాటికి పదిమంది మిగిలేవారు. మిగిలినవాళ్లు మానేశారా, ఇంట్లో చదువుకుంటున్నారా అన్నది నాకు తెలిసేది కాదు. గుమ్మం దగ్గర లేని వడపోత దారిలో ఉంది. అది మార్కులను బట్టి కాదు, ఆదివారం సెలవు దొరకడాన్ని బట్టి, రాత్రి పనయ్యాక దీపం కింద కూర్చునే ఓపికను బట్టి, పక్కన ఇంకొకరు చదువుతున్నారా లేదా అన్నదాన్ని బట్టి జరుగుతుంది. పదిమందిలో మిగిలిన ఒక కండక్టరు, ఒక అంగన్‌వాడీ కార్యకర్త కలిసి ప్రశ్నపత్రాలు పంచుకునేవారు. వాళ్లిద్దరూ డిగ్రీ పూర్తిచేశారు. ఆ కేంద్రం నడిచిన కళాశాల మంచిదా, పేరున్నదా అని వాళ్లు ఎన్నడూ నన్ను అడగలేదు. బస్సు ఎన్నింటికి అని మాత్రం అడిగేవారు.

అభ్యాసం

మీ ఇంట్లో గానీ మీ వీధిలో గానీ మొదట డిగ్రీ చదివిన వ్యక్తిని కలవండి. ఏ సంవత్సరంలో, ఏ ఊళ్లో చేరారు, ఆ ఊరే ఎందుకు, ఎక్కడ ఉన్నారు, ఎవరి చేతి అన్నం తిన్నారు, ఫీజు ఎంత, అది ఎక్కడినుంచి వచ్చింది అని అడిగి రాసుకోండి. ఆ తరువాత, చదవాలనుకుని చేరలేకపోయినవారు ఆ ఇంట్లో ఎవరైనా ఉన్నారేమో అడగండి. రెండో ప్రశ్నకు జవాబు రావడానికి ఎక్కువ సమయం పడుతుంది. తొందరపెట్టకండి.